స్టౌర్‌హెడ్ భవనం, తోట: వెళ్లబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు చాలామంది లండన్ నుంచి స్టోన్‌హెంజ్ దాకా వస్తారు, ఆ రాళ్ల దగ్గర ఫోటోలు దిగుతారు, అటునుంచి అటే వెనక్కి వెళ్లిపోతారు. అదే రోడ్డు మీద ఇంకో 40 కిలోమీటర్లు పడమటికి వెళ్తే స్టౌర్‌హెడ్ వస్తుంది. నాకు ఈ దేశంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే, అన్ని కాలాల్లోనూ వెళ్లాను, ఇంటికి ఎవరొచ్చినా తీసుకెళ్తాను. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అసలు స్టౌర్‌హెడ్ అంటే ఏంటి? కోటా, ప్యాలెసా, పార్కా?

మూడూ కాదు. విల్ట్‌షైర్ జిల్లాలో మీర్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న ఒక కుటుంబపు ఎస్టేటు ఇది. ఒక పెద్ద భవనం, దానికి కాస్త దూరంగా లోయలో చెరువు, చెరువు చుట్టూ తోట, తోటలో అక్కడక్కడా కట్టడాలు, వాటి వెనక అడవి, పొలాలు, ఒక పల్లె. అంతా కలిపి 2,650 ఎకరాలు. మన దగ్గర జమీందారు దివాణం, దాని చుట్టూ భూములు ఉండేవి కదా, అలాంటిదే అనుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది. కాకపోతే దీన్ని కట్టినవాళ్లు రాజుగారి దగ్గర భూమి పొందిన పాత వంశం కాదు, బ్యాంకు నడిపి డబ్బు సంపాదించి భూమి కొనుక్కున్నవాళ్లు. 1946 నుంచి ఇది పాత భవనాలు, తోటలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

ఎవరు కట్టించారు?

హోర్ కుటుంబం. రిచర్డ్ హోర్ అనే కంసాలి 1672లో లండన్‌లో పెట్టిన బ్యాంకు ఇప్పటికీ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఆ కుటుంబం చేతిలోనే నడుస్తోంది. ఆయన కొడుకు హెన్రీ హోర్ 1717లో ఈ స్టౌర్టన్ ఎస్టేటు కొని, స్టౌర్టన్ వంశం వాళ్ల పాత ఇల్లు పడగొట్టించి, కోలెన్ క్యాంప్‌బెల్ అనే ఆర్కిటెక్టుతో కొత్తది కట్టించాడు. ఇటలీలో పల్లాడియో కట్టిన విల్లాల పద్ధతిని ఇంగ్లండ్‌లో మొదట్లో అనుసరించిన ఇళ్లలో ఇదొకటి. పని 1725కి పూర్తయింది, ఆయన కూడా అదే ఏడాది పోయాడు. ఇంకో సంగతి: ఇప్పుడు ముందు వైపు స్తంభాలతో కనిపించే పెద్ద మండపం క్యాంప్‌బెల్ గీసిన ప్లానులో ఉంది కానీ అప్పట్లో కట్టలేదు. నూరేళ్లకు పైగా గడిచాక, 1840 ప్రాంతంలో కట్టారు.

తోట వేసింది కేపబిలిటీ బ్రౌనేనా?

కాదు. బ్రౌన్ ఆ కాలంలో ఎస్టేట్లకి తోటలు వేయడంలో పేరున్న మనిషి, ఇంగ్లిష్ తోట అనగానే ఆయన పేరు చెప్పేస్తారు గానీ ఇక్కడ ఆయన చెయ్యి లేదు. ఈ తోట, ఇల్లు కట్టించినాయన కొడుకుది, ఆయన పేరు కూడా హెన్రీ హోరే. ఇంట్లోవాళ్లు ఈయన్ని మాగ్నిఫిసెంట్ హెన్రీ అని పిలుచుకునేవాళ్లు. 1741లో తల్లి పోయాక ఈ ఇంటికి వచ్చాడు, రెండేళ్లకే భార్య కూడా పోయింది. ఆ తర్వాత మొదలుపెట్టిన తోట పని నలభై ఏళ్లు సాగింది. కట్టడాలకు హెన్రీ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే ఆర్కిటెక్టు సాయం చేశాడు, కానీ ఏది ఎక్కడ ఉండాలి, ఎక్కడ నిలబడితే ఏది కనపడాలి అన్న ఆలోచన హెన్రీదే. తోటమాలి కాదు, ఆర్కిటెక్టు కాదు, పగలంతా లెక్కల పుస్తకాల మధ్య ఉండే బ్యాంకరు ఈ పని చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన బొమ్మలు కొనేవాడు. క్లోడ్ లోరాన్, గాస్పార్ ద్యూగే లాంటి చిత్రకారులు గీసిన ఇటలీ దృశ్యాలంటే ఆయనకి ప్రాణం. దగ్గర్లో నీడ, దూరంగా నీళ్లు, నీళ్లకి అవతల వెలుగులో ఒక పాత గుడి, ఇలా ఉంటాయి ఆ బొమ్మలు. ఆ దృశ్యాన్నే నిజం మట్టితో, నిజం చెట్లతో చేశాడు. 1762లో కూతురికి రాసిన ఉత్తరంలో, చెరువు అవతలి గట్టున ఉన్న పాంథియాన్ అనే కట్టడం దగ్గర నుంచి చూస్తే వంతెన, పల్లె, చర్చి కలిసి గాస్పార్ బొమ్మలా ఉంటాయని ఆయనే చెప్పుకున్నాడు. మీరు వెళ్లినప్పుడు సరిగ్గా అక్కడే నిలబడి చూడండి.

ఆ చెరువు సహజంగా ఉన్నదేనా?

చెరువు కాదు గానీ నీళ్లు సహజమే. స్టౌర్ నది పుట్టేది ఇక్కడే, స్టౌర్‌హెడ్ అన్న పేరు అందుకే వచ్చింది. లోయలో ఊటలు, చిన్న చేపల మడుగులు ఉండేవి. 1750లలో లోయకు అడ్డంగా ఆనకట్ట వేసి ఆ నీటిని నిలబెట్టారు. మన కాకతీయుల చెరువులు చూసినవాళ్లకి ఆ పని కొత్తగా అనిపించదు. అవి పంట కోసం తవ్వినవి, ఇది మాత్రం ఎదుటి గట్టు మీద ఉన్న కట్టడం నీళ్లలో తలకిందులుగా కనిపించడం కోసమే చేసింది.

తోటలో ఉన్నవి నిజంగా గుళ్లేనా? చెప్పులు విప్పాలా?

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఫ్లోరా గుడి మెట్ల దగ్గర ఆగి చెప్పులు విప్పబోయింది. అవసరం లేదు. వాటిలో పూజలు ఎప్పుడూ జరగలేదు. రోమన్, గ్రీకు దేవతల పేర్లు పెట్టి, ఆ కాలపు గుళ్ల నమూనాలో కట్టినవి. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి, ఎదుటి గట్టు చూడటానికి వాడుకున్నారు. అయినా అమ్మ చేసిన పని తప్పని నేననుకోను. ఫ్లోరా గుడి తలుపు మీద లాటిన్‌లో చెక్కిన మాటకి అర్థం కూడా దాదాపు అదే: అర్హత లేనివాళ్లు దూరంగా ఉండండి అని. అది రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యంలోది, కథానాయకుడు ఈనియస్ పాతాళంలోకి దిగబోయే ముందు వినిపించే మాట. అందుకే ఈ తోట నడక మొత్తం ఈనియస్ ప్రయాణమేనని కొందరు పండితులు అంటారు, అంత పక్కా ప్లాను ఏమీ లేదని ఇంకొందరంటారు. నాకు మాత్రం ఆ మాట చదివి గుహలోకి దిగినప్పుడు మొదటివాళ్లే నిజం చెబుతున్నారనిపిస్తుంది.

ఎటు నుంచి నడవాలి? ఏం చూడాలి?

చెరువు చుట్టూ సుమారు 2 కిలోమీటర్లు. నీళ్లు మీకు ఎడమ చేతి వైపు ఉండేలా నడవండి, దయచేసి ఈ ఒక్క మాట వినండి. రెండు వైపుల నుంచీ దారి ఉంది కానీ తోట ఈ వరస కోసం చేసినది, తిరగేసి నడిస్తే కథ చివరి పేజీ నుంచి చదివినట్టే.

మొదట వచ్చేది ఫ్లోరా గుడి, 1740లలో కట్టింది, తోటలో మొట్టమొదటి కట్టడం. అక్కడి నుంచి నీళ్లకి అవతల పాంథియాన్ కనిపిస్తుంది. ఇంత దగ్గరగా ఉందే, ఐదు నిమిషాల్లో చేరతాం అనుకుంటారు, కానీ దారి మిమ్మల్ని చెట్లలోకి తీసుకుపోతుంది, పాంథియాన్ మాయమవుతుంది, కాసేపటికి కొమ్మల సందులోంచి మళ్లీ కనిపిస్తుంది, ఈసారి ఇంకో మూల నుంచి. ఈ దాగుడుమూతలే ఈ తోట ప్రాణం.

తర్వాత గుహ. 1748లో మొదలైంది. ముడిరాళ్లతో కట్టిన చల్లటి చీకటి గది, పైన గుండ్రటి కంతలోంచి వెలుతురు. లోపల ఊట మీద నిద్రపోతున్న జలకన్య బొమ్మ, కొంచెం ముందు నదీ దేవుడి బొమ్మ, రెండూ జాన్ చీర్ సీసంతో పోత పోసినవి. కవి అలెగ్జాండర్ పోప్ పద్యం నేల మీద చెక్కి ఉంటుంది, అడుగుల శబ్దం తగ్గించి నీళ్లు తాగమనో మౌనంగా స్నానం చెయ్యమనో ఆ జలకన్య అడుగుతున్నట్టుగా. హెన్రీ హోర్ ఎండాకాలంలో నిజంగానే ఇక్కడ మునిగేవాడు. గుహ గోడలో ఒక కిటికీ లాంటి కంత ఉంది, అందులోంచి వంగి చూడండి, చీకట్లోంచి వెలుగులో ఉన్న చెరువు, ఎదుటి గట్టు కనిపిస్తాయి. నా స్నేహితులు సగం మంది ఇది గమనించకుండా దాటేస్తారు.

అది దాటాక గోథిక్ కాటేజీ, ఆ తర్వాత పాంథియాన్. రోమ్‌లోని పాంథియాన్‌కి చిన్న రూపం, 1753-54లో కట్టింది. లోపల రిస్‌బ్రాక్ చెక్కిన హెర్క్యులిస్ పాలరాతి విగ్రహం ఉంది, మొదట ఈ కట్టడాన్ని హెర్క్యులిస్ గుడి అనే పిలిచేవాళ్లు. మెట్ల మీద కూర్చుని వెనక్కి చూస్తే మీరు బయల్దేరిన ఫ్లోరా గుడి, వంతెన, పల్లె, చర్చి అన్నీ ఒకే చూపులో పడతాయి. ఇక్కడ పావుగంటైనా కూర్చోకపోతే ఇంతదూరం వచ్చి లాభం లేదు.

ఆనకట్ట దాటాక దారి కొండ పైకి ఎక్కుతుంది, పైన గుండ్రటి అపోలో గుడి, 1765 నాటిది. లెబనాన్‌లోని బాల్‌బెక్‌లో ఉన్న పాత గుడి దానికి నమూనా. ఎక్కడం కష్టమే, కానీ తోట మొత్తాన్ని పైనుంచి చూసే చోటు అదే.

ఆ రాతి శిలువ బ్రిస్టల్ నుంచి తెచ్చారంట, నిజమేనా?

నిజమే. వంతెన పక్కన సన్నగా, ఎత్తుగా, రాజుల బొమ్మలతో ఉండే బ్రిస్టల్ హై క్రాస్ 1373 నాటిది. ఆ ఊరి నడిబొడ్డున ఉండేది. దారికి అడ్డమని అక్కడివాళ్లు తీసేసి ముక్కలుగా పడేస్తే హెన్రీ హోర్ బండ్ల మీద వేయించుకుని వచ్చి 1765లో ఇక్కడ నిలబెట్టించాడు. దొంగతనం కాదు, వద్దనుకున్నది తెచ్చుకున్నాడు. అందుకే అది ఇంకా బతికుంది. నది ఊటల మీద ఉండే సెయింట్ పీటర్స్ పంప్ కూడా బ్రిస్టల్ నుంచి వచ్చిందే.

తోట కోసం పల్లెని ఖాళీ చేయించారా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. ఇంగ్లండ్‌లో చాలా ఎస్టేట్లలో అది జరిగింది. పక్కనే డార్సెట్‌లో మిల్టన్ ఊరిని దాని యజమాని తన చూపుకి అడ్డమని మొత్తంగా తీయించేసి, జనాన్ని దూరంగా కొత్తగా కట్టిన పల్లెకి పంపాడు, ఇప్పటి మిల్టన్ ఆబస్ అదే. స్టౌర్‌హెడ్‌లో మాత్రం హెన్రీ హోర్ స్టౌర్టన్ పల్లెని, చర్చిని తన దృశ్యంలో భాగం చేసుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇళ్లు, చర్చి, సత్రం తోట ముఖద్వారం దగ్గరే ఉన్నాయి.

ఇంత డబ్బు ఎక్కడిది? బానిసల వ్యాపారం సొమ్ము ఉందా?

మూలధనం బ్యాంకుది. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్ల ధరలు పిచ్చిగా పెరిగి కుప్పకూలాయి, వేలమంది మునిగారు. హోర్ బ్యాంకు మాత్రం పెరుగుతున్నప్పుడు కొని, పడకముందు అమ్మేసి, సుమారు 28,000 పౌండ్ల లాభం చేసుకుంది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆ సౌత్ సీ కంపెనీ చేసిన వ్యాపారాల్లో ఆఫ్రికన్లను బానిసలుగా స్పెయిన్ వలసలకి తరలించి అమ్మడం ఒకటి. కాబట్టి సంబంధం లేదని చెప్పలేం. 2020లో నేషనల్ ట్రస్ట్ తన చేతిలోని ఇళ్లకి వలసపాలనతో, బానిసల వ్యాపారంతో ఉన్న సంబంధాల మీద ఒక రిపోర్టు విడుదల చేసి 93 చోట్ల పేర్లు చెప్పింది. దాని మీద పెద్ద గొడవ జరిగింది. చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. తోట అందం దానివల్ల తగ్గదు, కానీ ఆ చెరువు గట్టున కూర్చున్నప్పుడు ఆ సంగతి కూడా తెలిసి కూర్చోవాలి.

ఇంటి లోపల ఏం చూడాలి?

రెండు గదులు తప్పనిసరి. ఒకటి లైబ్రరీ. మాగ్నిఫిసెంట్ హెన్రీ తన ఎస్టేటుని మనవడు రిచర్డ్ కోల్ట్ హోర్‌కి ఇస్తూ, బ్యాంకుతో సంబంధం వదులుకోవాలని షరతు పెట్టాడు. ఎప్పుడైనా బ్యాంకు మునిగితే తోట కూడా పోతుందని ఆయన భయం. ఆ మనవడు పుస్తకాలు, తవ్వకాలు, ప్రయాణాల మనిషి అయ్యాడు. 1790లలో ఇంటికి అటూ ఇటూ రెండు రెక్కలు కట్టించి, ఒకవైపు లైబ్రరీ, రెండోవైపు బొమ్మల గది పెట్టించాడు. ఫర్నిచర్ చేసింది థామస్ చిప్పెండేల్, అంటే ఫర్నిచర్ తయారీలో పేరున్న పెద్దాయన కాదు, అదే పేరున్న ఆయన కొడుకు. బల్లల కాళ్లకి ఈజిప్టు తలలు చెక్కి ఉంటాయి, దగ్గరగా చూడండి. రెండోది పోప్ గారి బీరువా ఉన్న గది. 1585లో పోప్ అయిన ఐదో సిక్స్‌టస్‌దని చెప్పే ఆ బీరువా నిండా రంగురాళ్ల పొదుగుడు పని ఉంటుంది. తాజ్‌మహల్ గోడల మీద రాతి పూలు చూసినవాళ్లకి ఆ పనిలో కష్టం వెంటనే అర్థమవుతుంది.

బాధ కలిగించే విషయం కూడా ఒకటుంది. 1883లో డబ్బు ఇబ్బందుల్లో అప్పటి యజమాని కోల్ట్ హోర్ పోగు చేసిన పుస్తకాలు, చాలా బొమ్మలు వేలంలో అమ్మేశాడు. ఇప్పుడు అరల్లో కనిపించేవన్నీ ఆయన పుస్తకాలే అనుకోకండి.

ఇల్లు కాలిపోయిందని విన్నాను?

మధ్య భాగం 1902లో కాలిపోయింది. రెక్కలు మిగిలాయి, అందుకే లైబ్రరీ, బొమ్మల గది పాతవే. కింది అంతస్తులోని సామానంతా చాలావరకు బయటికి మోసి కాపాడారు. మధ్య భాగాన్ని తర్వాత మళ్లీ కట్టారు.

మరి ఆ కుటుంబం ఎందుకు ఇచ్చేసింది?

ఆ ఇల్లు మళ్లీ కట్టించింది అదే వంశంలో తర్వాతి తరాల సర్ హెన్రీ హోర్, ఆయన భార్య ఆల్డా. వాళ్లకి ఒక్కడే కొడుకు, హ్యారీ. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలో గాయపడి 1917 డిసెంబరులో అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ దంపతులు ఇంటిని, తోటని చూసుకుంటూ బతికారు. 1946లో నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చారు. 1947 మార్చి 25న ఇద్దరూ ఒకే రోజు, కొన్ని గంటల తేడాతో పోయారు. ఇంట్లో హ్యారీ ఫోటో చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. నాకైతే ఆ ఫోటో ముందు మాట రాదు.

ఆల్‌ఫ్రెడ్ టవర్ దాకా వెళ్లాలా?

ఓపిక ఉంటే వెళ్లండి. ఇంటి నుంచి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో అడవి అంచున ఉంటుంది. త్రికోణాకారంలో ఇటుకలతో కట్టిన 49 మీటర్ల గోపురం, 1772లో పూర్తయింది, 205 మెట్లు. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజు, సముద్రం దాటి దండెత్తి వచ్చిన డేన్‌ల మీద యుద్ధానికి సైన్యాన్ని కూడగట్టింది ఇక్కడేనని నమ్మకం. 1944లో ఒక విమానం దీన్ని గుద్దుకుని ఐదుగురు చనిపోయారు, పాడైన కొన భాగాన్ని 1986లో బాగుచేశారు. ఎక్కడానికి అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకోండి.

ఏ నెలలో బాగుంటుంది?

మే చివర, జూన్ మొదట్లో రోడోడెండ్రాన్‌లు, అజేలియాలు విరగబూస్తాయి. అక్టోబరు చివర్లో ఆకుల రంగులు. ఈ రెండు సమయాల్లో శని, ఆదివారాలు జనం బాగా ఉంటారు, పార్కింగ్ కోసం టెన్షన్ పడాలి, పొద్దున్నే వెళ్లండి. అయితే ఒక్కమాట. మాగ్నిఫిసెంట్ హెన్రీ కాలంలో ఈ పూల రంగులు లేవు. ఆయన వేసింది ఎక్కువగా పచ్చదనమే, ముదురు ఆకుపచ్చ పక్కన లేత ఆకుపచ్చ. రోడోడెండ్రాన్‌లు 1791లో మనవడు తెచ్చాడు, అజేలియాలు ఇంకా తర్వాత. ఆయన తెచ్చిన పాంటికమ్ రకం బ్రిటన్ అడవుల్లో కలుపులా పాకిపోయి ఇప్పుడు చాలాచోట్ల దాన్ని నరికేస్తున్నారు. పూలంటే ఇష్టమైతే జూన్. హెన్రీ చూసిన తోట కావాలంటే ఫిబ్రవరిలో, మంచు పొగ ఉన్న పొద్దున వెళ్లండి, చెట్లు బోడిగా ఉండి కట్టడాలు ఒకదానికొకటి స్పష్టంగా కనిపిస్తాయి.

అమ్మానాన్నలు నడవగలరా? పిల్లలకి బోరు కొట్టదా?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అపోలో గుడి ఎక్కించకండి. గుహలో మెట్లు ఎగుడుదిగుడుగా, తడిగా ఉంటాయి, చెయ్యి పట్టుకోండి. చెరువు గట్టు దారి చాలావరకు బాగానే ఉంటుంది, కూర్చోవడానికి బల్లలున్నాయి. మా నాన్నగారు డెబ్భై దాటాక వచ్చి, మధ్యలో నాలుగుసార్లు ఆగి, చుట్టూ నడిచారు, రెండున్నర గంటలు పట్టింది, అదే సరైన వేగం. పిల్లలకి గుహ చాలు.

మంచి బూట్లు, వాన కోటు తప్పనిసరి. గొడుగు గాలికి నిలవదు.

ఎలా వెళ్లాలి? టికెట్ ఎంత?

కారైతే ఏ303 మీద వచ్చి మీర్ దగ్గర దిగాలి. రైలైతే లండన్ వాటర్లూ నుంచి ఎక్సెటర్ వెళ్లే లైనులో గిల్లింగ్‌హామ్ స్టేషన్, అది డార్సెట్‌లోది. కెంట్‌లో కూడా అదే పేరుతో ఇంకో స్టేషన్ ఉంది, టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త. స్టేషన్ నుంచి ఇంకా 10 కిలోమీటర్లు ఉంటుంది, టాక్సీ ముందే మాట్లాడుకోండి. ధరలు, ఇల్లు తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోవడమే మంచిది. ఏడాదికి నాలుగైదు చోట్లు తిరిగే కుటుంబమైతే సభ్యత్వం తీసుకోండి, కలిసొస్తుంది.

స్టోన్‌హెంజ్, స్టౌర్‌హెడ్ ఒకే రోజు చూడొచ్చా?

చూడొచ్చు, పొద్దున్నే స్టోన్‌హెంజ్, మధ్యాహ్నం ఇక్కడికి. ఆ రెండిటికీ ఒక బంధం కూడా ఉంది. లైబ్రరీ కట్టించిన రిచర్డ్ కోల్ట్ హోరే విలియం కనింగ్టన్‌తో కలిసి స్టోన్‌హెంజ్ చుట్టూ ఉన్న పురాతన సమాధి దిబ్బలు తవ్వించాడు. 1808లో బుష్ బారో అనే దిబ్బలో బంగారు పలక దొరికింది, ఇప్పుడు డివైజస్ ఊళ్లోని విల్ట్‌షైర్ మ్యూజియంలో ఉంది. అది కూడా చూడాలనుకుంటే మాత్రం రెండు రోజులు పెట్టుకోండి.

మనవైపు వస్తువులేమైనా కనిపిస్తాయా?

మనవైపు పనితనం చూడాలని ఉంటే స్టౌర్‌హెడ్ కాదు, వార్విక్‌షైర్‌లోని చార్ల్‌కోట్ పార్క్‌కి వెళ్లండి. అక్కడ నల్లచేవ మీద దంతం పొదిగిన కుర్చీల సెట్టు ఉంది. ఒకప్పుడు ఎలిజబెత్ రాణి కాలం నాటి ఇంగ్లిష్ వస్తువులనుకున్నారు. అసలు అవి పదిహేడో శతాబ్దం చివర్లో మన కోరమాండల్ తీరంలో, విశాఖపట్నం వైపు వడ్రంగులు చేసినవి. ఆ గదిలో నిలబడి ఆ చెక్కడం చూస్తుంటే చేసినవాళ్ల పేరు ఒక్కటైనా ఎక్కడైనా రాసి ఉంటే బాగుండునని అనిపించింది.